మీ కరపత్రం అట్టతో ఫిల్టర్ చుట్టాం: మత్తు వద్దని ప్రచారం చేసేవారికి బహిరంగ లేఖ

మత్తుకు దూరంగా ఉండమని పోస్టర్లు వేసేవారికి, కరపత్రాలు రాసేవారికి, కాలేజీ ఆడిటోరియంలో మైకు పట్టుకుని గంటసేపు మాట్లాడి వెళ్ళేవారికి నమస్కారం.

మీలో ఒకరు మా కాలేజీకి వచ్చిన రోజు నేను మూడో వరుసలో కూర్చున్నాను. అప్పటికి నేనింకా గంజాయి ముట్టలేదు. తెర మీద ఒక పుర్రె, దాని పక్కన సిరంజి, ఆ పక్కన కళ్ళు లోతుకుపోయిన కుర్రాడి బొమ్మ. గంజాయికి సిరంజితో పనేమిటో నాకు తెలియదు. వెనక వరుసలో వాళ్ళకు తెలుసు, అందుకే నవ్వారు. ఒక్క దమ్ముతో పిచ్చెక్కుతుందని, రెండేళ్ళలో చచ్చిపోతారని ఆయన చెప్పారు. చివర్లో సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగితే నేను లేచాను. "ఒక్కసారి తాగితే ఏమవుతుంది సార్?" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్ళే ముందు చెడిపోయేది, కూర్చో" అన్నారు. కూర్చున్నాను.

ఆ రోజు పంచిన కరపత్రం కాస్త మందపాటి అట్ట మీద అచ్చువేసింది. నాలుగు నెలల తర్వాత మా గదిలో మొదటిసారి జాయింట్, అంటే గంజాయి సిగరెట్, చుట్టినప్పుడు ఫిల్టర్‌కు ఏమీ దొరక్కపోతే, మావాడొకడు ఆ కరపత్రం అంచు చింపి గుండ్రంగా చుట్టి పెట్టాడు. పుర్రె బొమ్మలో సగం అందులోకి పోయింది. ఆ రాత్రి అందరం పడీపడీ నవ్వుకున్నాం. పిచ్చి ఎక్కలేదు. ఎవరూ చావలేదు. మర్నాడు ఇద్దరు ల్యాబ్‌కు కూడా వెళ్ళారు. మీరు చెప్పిందంతా అబద్ధమని ఆ ఒక్క రాత్రితో తేల్చేసుకున్నాం. అందులో నిజాలు కూడా ఉన్నాయని నాకు తెలియడానికి పదకొండేళ్ళు పట్టింది.

ఆ పదకొండేళ్ళూ దాదాపు రోజూ తాగాను. మానేసి మూడేళ్ళయింది. మీతో పోట్లాడటానికి రాయడం లేదు. మీరు చేసే పని అవసరమైనదే. కానీ మీరు చూపించి బెదిరిస్తున్న వాటికీ మమ్మల్ని నిజంగా దెబ్బతీసిన వాటికీ సంబంధం లేదు, అదే నా ఫిర్యాదు.

ముందు చావు సంగతి. హెరాయిన్ లాంటి మందు మోతాదు మించితే ఊపిరి ఆగి మనిషి పోతాడు. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. అది వచ్చి అతుక్కునే రిసెప్టర్లు, అంటే మెదడు కణాల మీది తాళాల్లాంటివి, ఊపిరిని నడిపే మెదడు కాండం భాగంలో చాలా తక్కువ. అందుకే గంజాయి తాగి ఊపిరి ఆగి చనిపోవడం అన్నది వినం. ఇది తాగేవాళ్ళందరికీ తెలుసు. మీరు చస్తారని అన్న మరుక్షణం వాళ్ళు మీ మాట వినడం మానేస్తారు. అదే రిసెప్టర్లు ఎక్కువగా ఉన్నది హిప్పోక్యాంపస్‌లో, అంటే కొత్త జ్ఞాపకాలు తయారయ్యే చోట. నుదుటి వెనక, ప్లాన్ వేసుకుని పని మొదలుపెట్టించే చోట కూడా ఉన్నాయి. నష్టం అక్కడ మొదలవుతుంది. దానికి పుర్రె బొమ్మ సరిపోదు. ఏ బొమ్మ వేయాలో నాకూ తెలియదనుకోండి.

నా టేబుల్ మీద ఒక పుస్తకం ఉండేది. 43వ పేజీలో బస్ టికెట్ పెట్టి ఉంచాను. పద్నాలుగు నెలలు ఆ టికెట్ అక్కడే ఉంది. రోజూ సాయంత్రం ఆ పుస్తకం తీసేవాడిని, అదే పేరా చదివేవాడిని, ఎంత బాగా రాశాడో అనుకునేవాడిని, మూసేవాడిని. ఫోన్‌లో నోట్స్ ఉండేవి, మానేశాక లెక్కపెడితే అరవై ఒకటి. ఒక్కోటీ ఒక్కో గొప్ప ఆలోచన, వ్యాపారం, యాప్, ప్రయాణం. చాలావాటిలో మూడో లైను మధ్యలోనే మాట ఆగిపోయింది. ఒకదాంట్లో అయితే "ముఖ్యమైన విషయం ఏమిటంటే" అని మాత్రమే ఉంది. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగం పోలేదు. ఇది మీరు గమనించాలి. మీ కథల్లో గంజాయి తాగేవాడు రోడ్డున పడతాడు. నేను టైముకు జీతం తెచ్చుకున్నాను, అద్దె కట్టాను. నాతో చేరినవాళ్ళు రెండు మెట్లు ఎక్కారు, నేను చేరిన కుర్చీలోనే ఉన్నాను, అంతే. ఎవరూ నన్ను తిట్టలేదు, ఎవరూ నా నుంచి ఏమీ ఆశించలేదు కూడా. రోడ్డున పడ్డవాడికి కనీసం పడ్డానని తెలుస్తుంది. నాకు ఏదో ఒక రోజు మానాలని అనిపించేంత దెబ్బ ఏదీ తగల్లేదు. మీ పోస్టర్లో కుర్రాడిని చూసినప్పుడల్లా "నేను వీడిలా లేను కదా" అనుకుని ఇంకోటి వెలిగించుకునేవాడిని. మీ పోస్టర్ నాకు సర్టిఫికెట్‌లా పనిచేసింది.

ఎప్పుడు రోజూ అయిందో తేదీ చెప్పలేను. మొదట శనివారాలు. తర్వాత పరీక్షలు అయిపోయిన రోజు. తర్వాత నిద్ర పట్టడం లేదని పడుకునేముందు. ఒక రోజు పొద్దున స్నానానికి ముందు వెలిగించుకుంటూ, ఇది మొదటిసారా, ఇంతకుముందు కూడా చేశానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. మీ ప్రసంగాల్లో "తాగడం", "తాగకపోవడం" అని రెండే ఉంటాయి. నెలకోసారి తాగేవాడికీ రోజూ తాగేవాడికీ మధ్య ఉన్న దూరం గురించి ఎవరూ మాట్లాడరు. 1990లలో అమెరికాలో చేసిన జాతీయ సర్వేలో ఎప్పుడైనా గంజాయి తాగినవాళ్ళలో దాదాపు 9 శాతం మంది దానికి బానిసలైనట్టు తేలింది. టీనేజీలో మొదలుపెట్టినవాళ్ళలో అది ఆరుగురిలో ఒకరిదాకా ఉంటుందని అంచనా. అంటే ఎక్కువమంది బయటపడతారు. ఇది చెప్పడానికి మీకు భయం. కానీ చెప్పకపోతే, బయటపడినవాళ్ళు కళ్ళ ముందు తిరుగుతుంటే, మీ మాట ఎవరు నమ్ముతారు? పైగా ఆ లెక్క నాటి సరుకుది. అమెరికాలో పోలీసులు పట్టుకున్న సరుకును పరీక్షిస్తే 1995లో టీహెచ్‌సీ సుమారు 4 శాతం ఉండేది, 2014 నాటికి 12 శాతం. మీ తరం స్నేహితుడెవరో "మేం తాగలేదా ఏం" అంటే, ఆయన తాగింది వేరు, ఇవాళ పిల్లల చేతిలో ఉన్నది వేరు.

ఒక చిన్న విషయం మధ్యలో. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలం, యెకీయెల్ గావోని టీహెచ్‌సీని శుద్ధంగా విడదీశారు. మన మెదడులో దీనికి తాళం ఉందంటే, ఆ తాళానికి మన ఒంట్లోనే తాళంచెవి ఉండాలి కదా. అది 1992లో దొరికింది. కనిపెట్టినవాళ్ళు దానికి మన 'ఆనందం' మాటతో 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. నాకు ఇది మానేశాక తెలిసింది. మన ఒళ్ళు ఆనందాన్ని చుక్కలు చుక్కలుగా, కావలసినచోట, కావలసినంతసేపే వదులుతుంది. రోజూ బయటినుంచి కుండతో పోస్తుంటే రిసెప్టర్లు తగ్గిపోతాయి. అందుకే చివరి నాలుగేళ్ళు నాకు తాగినప్పుడు హాయిగా లేదు, తాగనప్పుడు మాత్రం ఏదీ బాగాలేదు. పాట, స్నేహితుడి జోకు, వాన అన్నీ మూత పెట్టినట్టు ఉండేవి. ఈ ఒక్క కథ క్లాసులో చెప్పి చూడండి. పిల్లలు వింటారు.

ఇప్పుడు అక్క సంగతి. రాయాలా వద్దా అని చాలా ఆలోచించి, తనని అడిగి రాస్తున్నాను.

ఒక సాయంత్రం అక్క ఫోన్ చేసింది. అప్పటికే నేను తాగి ఉన్నాను. రొమ్ములో గడ్డ తగిలిందని, బయాప్సీ అన్నారని, ఫలానా రోజు పదింటికి రమ్మన్నారని చెప్పింది. బావగారు ఊళ్ళో లేరు. "నేనొస్తాను, నువ్వు టెన్షన్ పడకు" అన్నాను. నిజంగానే అన్నాను, గొంతులో ప్రేమ ఉంది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. తర్వాత పది రోజులకు ఫోన్ చేసి "ఏంటక్కా విశేషాలు" అన్నాను. అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "ఏం లేవురా, అంతా బాగానే ఉంది" అంది. గడ్డ మామూలుదేనని రిపోర్ట్ వచ్చిందని నాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత, అమ్మ ద్వారా. ఆస్పత్రికి ఒక్కతే ఆటోలో వెళ్ళి, ఒక్కతే వచ్చిందట. అక్క నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. నాకు ఏదీ చెప్పడం మానేసింది, అంతే.

గంజాయి సంసారాలు కూల్చేస్తుందని మీరు రాస్తారు. మా ఇంట్లో ఏదీ కూలలేదు. చెప్పడం మానేశారు. అమ్మ మొదట చొక్కాలు వాసన చూసేది, తర్వాత చూడటం మానేసింది. నాన్న ఏదైనా పని ఉంటే తమ్ముడికి చెప్పేవారు. నేను కళ్ళలో చుక్కలు వేసుకుని, మౌత్‌వాష్ పుక్కిలించి, అరగంట వీధులు తిరిగి ఇంటికి వెళ్ళేవాడిని. ఎవరికీ తెలియదనుకునేవాడిని. అందరికీ తెలుసు.

తాగనివాళ్ళు ఒక్కొక్కరూ దూరమయ్యారు, నిజానికి నేనే దూరం పెట్టాను. వాళ్ళతో కూర్చుంటే గంటన్నరకే చేతులు జేబులు తడుముకునేవి. మిగిలింది మా గుంపు. పదకొండేళ్ళలో వాళ్ళతో కొన్ని వేల సాయంత్రాలు గడిపాను. మానేశాక ఒకడి తండ్రి పోయాడని విని వెళ్తే, వాడికి ఇద్దరు చెల్లెళ్ళున్నారని అక్కడ తెలిసింది. ఆ రాత్రి మా స్నేహం మీద నాకు జాలేసింది.

మా గుంపులోనే ఒక జూనియర్ ఉండేవాడు. అందరికంటే తెలివైనవాడు. మూడో ఏడు వాడికి గోడవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని అనిపించడం మొదలైంది. మేం నవ్వేశాం, హై ఎక్కువైందిరా అన్నాం. ఆ మాటలు మత్తు దిగినా ఆగలేదు. వాడి మేనమామకు అలాంటి జబ్బే ఉందని తర్వాత తెలిసింది. ఆడిటోరియంలో ఆ రోజు వాడూ ఉన్నాడు. "మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే మీకు ఇది మిగతావాళ్ళకంటే ప్రమాదం" అని ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే వాడు వినేవాడని నా నమ్మకం. అందరికీ పిచ్చెక్కుతుంది అన్నారు. కాబట్టి వాడికి ప్రత్యేకంగా ఏమీ చెప్పినట్టు కాలేదు.

ఇక్కడ లెక్కలు గట్టివే, సాగదీయక్కర్లేదు. స్వీడన్‌లో సైన్యంలోకి పిలిచిన 45 వేలమందికి పైగా కుర్రాళ్ళను 15 ఏళ్ళు గమనించి 1987లో ప్రచురించారు: 50 సార్లకు మించి తాగామన్నవాళ్ళలో స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు కమ్మే తీవ్రమైన మానసిక జబ్బు, ఆరు రెట్లు కనిపించింది. 2019లో ఐరోపా, బ్రెజిల్‌లలోని 11 చోట్ల చేసిన అధ్యయనంలో రోజూ తాగేవాళ్ళకు సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) వచ్చే అవకాశం మూడు రెట్లు, బలమైన సరుకు రోజూ తాగేవాళ్ళకు దాదాపు ఐదు రెట్లు. ఆ జబ్బు అసలే అరుదు కాబట్టి రోజూ తాగేవాళ్ళలో కూడా ఎక్కువమందికి అది రాదు. రెండు ముక్కలూ కలిపి చెప్పండి. ముందే జబ్బు లక్షణాలున్నవాళ్ళు గంజాయి వైపు వెళ్తారేమో అన్న వాదన కూడా ఉంది, అదీ చెప్పండి. వింటున్నవాళ్ళు చిన్నపిల్లలు కారు.

తెలివి తగ్గుతుందన్న పోస్టర్ కూడా అంతే. న్యూజీలాండ్ అధ్యయనంలో టీనేజీలో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి వదలనివాళ్ళ ఐక్యూ 8 పాయింట్ల వరకు తగ్గిందని 2012లో వచ్చింది. దాన్ని మీరు పెద్ద అక్షరాలతో వేశారు. 2016లో కవలల మీద చేసిన అధ్యయనంలో తాగిన కవలకూ తాగని కవలకూ అలాంటి తేడా కనబడలేదు. అది మీరు వేయలేదు, మా గుంపులో ఒకడు వేశాడు, వాట్సాప్‌లో.

మందుగా పనికిరాదని చెప్పే మాట కూడా ఇలాగే ఎదురు తిరుగుతుంది. కీమోథెరపీలో వాంతులకు టీహెచ్‌సీ మాత్రను అమెరికా 1985లోనే అనుమతించింది. కొన్ని తీవ్రమైన మూర్ఛ జబ్బులకు గంజాయి మొక్కలోని కన్నాబిడియాల్‌ను 2018లో అనుమతించారు. ఫోన్‌లో రెండు నిమిషాల్లో దొరికే సంగతి ఇది. నాకు టెన్షన్ తగ్గడానికే తాగుతున్నానని నేనూ అనేవాడిని, మందులాగానే అనుకునేవాడిని. తాగకపోతే వచ్చే టెన్షన్ ఏదో, నా అసలు టెన్షన్ ఏదో విడదీసి చూసుకునే వీలు పదకొండేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

అలాగే పొగాకు. మేం ఎప్పుడూ సిగరెట్ పొగాకు కలిపే చుట్టేవాళ్ళం. సిగరెట్ అలవాటు లేని నాకు ఆరు నెలల్లో అలవాటైంది. మానినప్పుడు రెండింటితో కలిపి కుస్తీ పట్టాల్సి వచ్చింది. మీ క్లాసులో దీని గురించి ఒక్క నిమిషం లేదు.

వాంతుల సంగతి కూడా చెప్పేసి వదిలేస్తాను. మా వాడొకడు పొద్దున్నే ఆగకుండా వాంతులు చేసుకునేవాడు, వేడినీళ్ళ కింద గంటలు గంటలు నిలబడితేనే తగ్గేది. ఎండోస్కోపీలు, స్కాన్‌లు అన్నీ అయ్యాయి. రోజూ చాలా ఏళ్ళు తాగినవాళ్ళలో కొందరికి వచ్చే ఈ జబ్బును 2004లోనే ఆస్ట్రేలియా డాక్టర్లు వర్ణించారు, వేడినీళ్ళ గుర్తుతో సహా. గంజాయి వాంతులు తగ్గిస్తుందని వాడు ఇంకా ఎక్కువ తాగాడు. మానితేనే పోతుంది. మీ కరపత్రంలో రెండు లైన్లు చాలు.

నేను మానడానికి ప్రయత్నించింది ఐదు సార్లు. నాలుగుసార్లు మూడో రోజుకో నాలుగో రోజుకో మళ్ళీ మొదలుపెట్టాను. రాత్రి దుప్పటి చెమటతో తడిసిపోయేది. ఫ్యాను కిర్రుమంటే ఫ్యాన్ మీద కోపం వచ్చేది, ఫ్యాన్ మీదంటే నిజంగా ఫ్యాన్ మీదే. ముద్ద దిగేది కాదు. నేను అనుకున్నదేమిటంటే, గంజాయి లేకపోతే నా అసలు స్వభావం ఇదన్నమాట. ఇంత చిరాకు మనిషిగా బతకడం కంటే తాగడమే నయం. ఇది మానినప్పటి ఇబ్బంది అని, మొదటి వారంలో బాగా పెరిగి రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుందని నాకు తెలియదు. గంజాయికి అలాంటి ఇబ్బందులే ఉండవని మా గుంపు, మనోబలం ఉంటే చాలని మీరు. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది, అందులో మానినప్పటి ఈ ఇబ్బందిని జబ్బుగానే గుర్తించి లక్షణాలు రాసి ఉన్నాయి. రోజూ తాగేవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి, నాలుగు వారాలు పూర్తిగా మాన్పించి మళ్ళీ చూస్తే తగ్గిన రిసెప్టర్లు చాలావరకు మామూలు స్థాయికి వచ్చాయని 2012లోనే తేలింది. ఐదోసారి ఒక డాక్టరు ఈ రెండు ముక్కలూ చెప్పి, గోడ మీద క్యాలెండర్‌లో ఇరవై ఎనిమిదో రోజు చుట్టూ పెన్నుతో గీశారు. గీత పెట్టాక ఆ చెమటకు ఒక చివర ఉన్నట్టు అనిపించింది.

తొమ్మిదో రాత్రి కల వచ్చింది. ఏళ్ళ తర్వాత. గంజాయి కలలొచ్చే నిద్రను అణచిపెడుతుందట, మానగానే అవన్నీ ఒక్కసారి మీద పడతాయి. నా కలలో నేను స్కూలు వరండాలో చెప్పులు వెతుక్కుంటున్నాను. దొరకలేదు. మెలకువ వచ్చాక లైటు వేసి చాలాసేపు కూర్చున్నాను. చెప్పుల రంగు కూడా గుర్తుంది. ఏదో ఒకటి గుర్తున్నందుకు ఏడుపొచ్చింది.

మీ పద్ధతి ఫలించదని అనేది నేనొక్కడినే కాదు. 1983లో లాస్ ఏంజిలెస్‌లో మొదలైన 'డేర్' అనే కార్యక్రమంలో పోలీసులే స్కూళ్ళకు వెళ్ళి పాఠాలు చెప్పేవారు. ఆ పాఠాలు విన్నవాళ్ళనూ విననివాళ్ళనూ పోల్చిన అధ్యయనాల్లో మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1998 నుంచి 2004 వరకు అదే దేశంలో దాదాపు 100 కోట్ల డాలర్లతో ప్రకటనలు గుప్పించారు. వాటివల్ల పిల్లల్లో వాడకం తగ్గినట్టు తేలలేదు సరికదా, ప్రకటనలు ఎక్కువ చూసినవాళ్ళలో గంజాయి మీద కాస్త మొగ్గు పెరిగిన ఆనవాళ్ళు కూడా కనబడ్డాయి.

నేను అడిగేవి పెద్దవేమీ కావు. ఆ సిరంజిని తీసేయండి. వేదిక మీద యూనిఫాం వేసుకున్నవాళ్ళను కూర్చోబెట్టి సందేహాలు అడగమనకండి, ఎవడూ నోరు విప్పడు. కరపత్రంలో ఒక ఫోన్ నంబర్ వేయండి, ఎత్తినవాళ్ళు ముందు పేరు అడగకుండా ఉండాలి. మానినప్పుడు ఏ రోజు ఎలా ఉంటుందో ఒక పేజీ వేయండి. పూర్తిగా నాశనమైన వాళ్ళనే తీసుకొచ్చి చూపించకండి, నాలా బయటికి బతుకు మామూలుగా నడిచిపోయినవాళ్ళనూ పిలవండి. కాకపోతే మా కథలో కన్నీళ్ళు తక్కువ, చప్పట్లు పడవు.

ఇక మూడో వరుసలో లేచిన ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు. ఒక్కసారి తాగితే బహుశా ఏమీ కాదు బాబూ. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నవ్వొస్తుంది, లేదా భయమేస్తుంది, ఆకలేస్తుంది. ఆ రోజు బండి నడపకు. మీ ఇంట్లో ఎవరికైనా మనసు జబ్బుంటే ఆ ఒక్కసారి కూడా వద్దు. నువ్వు జాగ్రత్తగా చూసుకోవలసింది బాగా జరిగిన ఆ మొదటిసారి తర్వాత వచ్చే మామూలు మంగళవారం, ఏ కారణమూ లేకుండా తాగాలనిపించే రోజు. ఇలా చెప్పి ఉంటే నేను తాగకుండా ఉండేవాడినని ప్రమాణం చేయలేను. ఆ మంగళవారం నాటికి నాకు ఈ మాట గుర్తొచ్చేదేమో.

పిలిస్తే వస్తాను, ఏ హాలుకైనా. దారి ఖర్చులు కూడా అక్కర్లేదు. వచ్చే నెల రెండో వారం మాత్రం కుదరదు. అక్కకు చెకప్ ఉంది, పదింటికి రమ్మన్నారు. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, కాగితం మీద రాసి తలుపుకు కూడా అంటించాను.

ఇట్లు,
పదకొండేళ్ళు రోజూ తాగి, మూడేళ్ళ కిందట మానేసిన ఒకడు